రాగి బిళ్లలకు కాటుక

1998 నవంబరు 12, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు మీటరు ముల్లు ముప్పై నాలుగు దగ్గర ఆగిపోయింది. నేను నాబు ఇంకా తిప్పుతూనే ఉన్నాను. ముల్లు కదల్లేదు. సిటీ బస్సు మెట్టు మీద అడ్డంగా నిలబడ్డ మనిషిలా లోపలికీ పోదు, కిందికీ దిగదు. గాజు కిటికీలోంచి చూస్తే రాగి పెట్టె లోపల నీలంగా సన్నటి వెలుగు. అలాంటి వెలుగు నా యంత్రంలో ఎక్కడా ఉండకూడదు.

యంత్రం అంటే ఏమిటో ముందు చెప్పాలి. విజయవాడలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో నేను ఫిజిక్సు చెప్పేదాన్ని. ల్యాబు వెనక ఒక గది ఉండేది, పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు. 1990 జూన్‌లో పాత బెంచీలు తీయించి ఆ గదిని అడిగి తీసుకున్నాను. ఎలక్ట్రాన్లను వేగంగా తోసే యంత్రాలు పెద్ద దేశాల్లో మైళ్ల పొడవున ఉంటాయి. నాది ఒక బల్ల పొడవు. గాలి తోడే పంపులు గన్నవరం దగ్గర మూతపడిన బల్బుల కార్ఖానా నుంచి వచ్చాయి. విద్యుత్తును ఊపే ట్రాన్స్‌మిటరు పాత సామాన్ల దుకాణం నుంచి వచ్చింది. పెట్టెను వన్‌టౌన్‌లో రాగి బిందెలు చేసే ఆయన చేసిచ్చాడు.

"ఎన్ని లీటర్లు పట్టాలమ్మా?" అన్నాడాయన కొలతల కాగితం చూసి.

"ఏమీ పట్టక్కర్లేదు. గాలి కూడా ఉండకూడదు."

ఆయన కాగితం మడిచి, "అయితే మూత గట్టిగా ఉండాల," అని, నిజంగానే గట్టి మూత చేశాడు.

ఆ పెట్టెలో రెండు రాగి బిళ్లలు ఎదురెదురుగా ఉంటాయి, ఐదు సెంటీమీటర్ల ఎడంతో. ఒక్కోటీ టిఫిను ప్లేటంత, మధ్యలో చిల్లు. వాటి మధ్య విద్యుత్తు సెకనుకు ఐదు కోట్ల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక పక్క బల్బులో ఉండే లాంటి తీగ వేడెక్కి ఎలక్ట్రాన్లను వదులుతుంది. అవి మొదటి చిల్లులోంచి దూరి, ఊపు అందుకుని, రెండో చిల్లులోంచి బయటపడి, గాజు తెర మీద ఆకుపచ్చ చుక్కగా తగులుతాయి. దారిలో ఒక అయస్కాంతం. చుక్క తెర మీద ఎంత జరిగిందో చూస్తే ఎంత ఊపు అందిందో లెక్క కట్టొచ్చు. ఇంతే. ఈ చుక్కను జరపడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది.

ఇక ముప్పై నాలుగు దగ్గర పట్టుకున్న జబ్బు సంగతి. దాన్ని నేను పిల్లలకు మా స్టాఫ్ రూము ఉదాహరణతో చెప్పేదాన్ని. స్టాఫ్ రూములో ఫిజిక్సు వాళ్లు ఒక గోడవైపు కూర్చుంటారు, హోమ్‌సైన్స్ వాళ్లు ఎదురు గోడవైపు. ఇటు నుంచి ఒక మాట అటు వెళ్తుంది. అక్కడ తగిలి రెండు మాటలై ఇటు వస్తుంది. ఇక్కడ తగిలి నాలుగు. మాట వెళ్లి రావడానికి పట్టే సమయమూ, మనుషులు అటూ ఇటూ తల తిప్పే సమయమూ సరిగ్గా కలిశాయనుకోండి, బెల్లు కొట్టేలోగా గదంతా అదే గోల, పాఠం చెప్పడానికి ఒక్కరికీ ఓపిక మిగలదు. పెట్టెలోనూ అంతే. దారి తప్పిన ఎలక్ట్రాన్ ఒకటి రాగికి తగిలి రెండింటిని బయటికి లాగుతుంది. ఆ రెండూ ఎదుటి బిళ్లకు వెళ్లేసరికి విద్యుత్తు సరిగ్గా తిరగబడితే, నాలుగు. అలా లక్షలు, కోట్లు. నేను ఎంత శక్తి పంపినా ఈ గుంపే తినేస్తుంది, బిళ్లల మధ్య ఊపును చూపే మీటరు ముల్లు పైకి పోదు. మిగిలిన కాస్త గాలికీ ఈ గుంపు తగిలి నీలంగా వెలుగుతుంది.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఆవిడ నాకంటే ఆరేళ్లు చిన్న.

"కూర్చోండి మేడమ్. మీ గది సంగతి. మేనేజ్‌మెంటు వాళ్లు కంప్యూటర్లు కొంటున్నారు. గది కావాలంట."

"చాలా గదులున్నాయి కదండీ."

"తాళం వేసుకుని ఒక్కరే కూర్చునే గది అదొక్కటే ఉంది." ఆవిడ నవ్వారు, నేను నవ్వలేదు. "డిసెంబరు నాలుగున బయట నుంచి ఇద్దరు పెద్దవాళ్లు తనిఖీకి వస్తున్నారు. వాళ్లకి మీ యంత్రం పనిచేసి చూపించండి. ఆ చుక్కో ఏదో అంటారే, అది పది నిమిషాలు కదలకుండా నిలబడాలి. పరిశోధన జరుగుతోందని వాళ్లు రాస్తే గది మీకే. ఎవరూ అడగరు. లేదంటే నేనేం చేయలేను."

పది రోజులు నాకు తెలిసినవన్నీ చేశాను. బిళ్లలను స్పిరిటుతో కడిగాను. శక్తిని చీమ నడకలో పెంచుతూ గంటల తరబడి కూర్చున్నాను, అలా ఎలక్ట్రాన్లు తగిలీ తగిలీ రాగి మెత్తబడుతుందని. మెత్తబడుతోంది గానీ, రోజుకు అర గీత చొప్పున. ఆ లెక్కన జనవరి దాటుతుంది. ఒక్కసారిగా నాబు తిప్పి, గుంపు పోగయ్యేలోపే దాటించేద్దామని చూశాను. అది ఏడుసార్లకు ఒకసారి దాటేది. ఆ ఒక్కసారి కూడా, ఇబ్రహీంపట్నం కరెంటు కార్ఖానా పొగగొట్టాలు మా డాబా మీది నుంచి కనిపించేంత దగ్గర్లో ఉన్నా, కరెంటు ఒకసారి రెప్ప కొట్టేది, ముల్లు మళ్లీ ముప్పై నాలుగుకు వచ్చి పడేది.

ఇక మిగిలింది రాగి స్వభావాన్ని మార్చడం. నున్నటి రాగి ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుతుంది. మసి అలా కాదు. దాని గరుకు సందుల్లో పడ్డ ఎలక్ట్రాన్ అక్కడే చిక్కుకుంటుంది, ఇంకోదాన్ని వెంటబెట్టుకుని రాదు. అందుకని బిళ్లల మొహాలకు పలచగా, సమంగా, నూనె జిడ్డు లేకుండా మసి పట్టించాలి. అలాంటి మసి పట్టించగల మనిషి నాకు తెలిసి కృష్ణా జిల్లాలో ఒక్కరే. మా అత్తగారు.

భవానీపురంలో మా వీధిలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా కాటుక మా ఇంటి నుంచే వెళ్లేది. ఆవిడకప్పుడు ఎనభై ఒకటి. నవంబరు 22, ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక ఆముదం ప్రమిదలు రెండు ముందు పెట్టుకుని కూర్చున్నారు. నేను బిళ్లలు తెచ్చి ఇచ్చాను.

"ఇవేం పళ్లేలే అమ్మాయ్, మధ్యలో చిల్లు?"

"అలాగే ఉండాలండీ."

"ఎవరి బిడ్డకి?"

"బిడ్డకి కాదండీ, మెషీనుకి."

ఆవిడ నన్నొకసారి పైనుంచి కిందిదాకా చూసి వత్తి సవరించారు. "మెషీనుకి దిష్టా? పాస్టరు గారు వింటే నీకు వేరే ప్రార్థన పెట్టిస్తారు."

"దిష్టి కాదు. వెలుగు రాకుండా."

"వెలుగు రావడానికి దీపం పెడతారు. నీది రాకుండానా? సరే. చివర్లో నెయ్యి ఎంత కలపను?"

"నెయ్యి వద్దండీ! అసలు వద్దు."

"నెయ్యి లేకపోతే అంటుకోదు, రాలిపోతుంది."

"వేడి చేస్తే అంటుకుంటుంది. నెయ్యి ఉంటే పెట్టెలో ఆవిరై మొత్తం పాడవుతుంది."

"నెయ్యి లేని కాటుక కళ్లు మండిస్తుంది," అని ఆవిడ తన తీర్పు చెప్పేశారు. కానీ కలపలేదు. మంట ఎత్తు వేలెడంత ఉంచి, బిళ్లను రెండు ఇటుకల మీద బోర్లించి, పావుగంటకొకసారి కొంచెం కొంచెం తిప్పుతూ, పొర మీద పొర. ఐదు గంటలు పట్టింది. నేను మంట పెంచమంటే, "పెంచితే పెచ్చులు లేస్తుంది. నీకు తొందరైతే బూట్ పాలిష్ పుయ్యి," అన్నారు.

మంగళవారం కెమిస్ట్రీ వాళ్ల ఓవెనులో ఐదు గంటలు కాల్చాను. సాయంత్రం పెట్టెలో బిగించి పంపు వేశాను. తడీ గాలీ పూర్తిగా పోవడానికి పద్నాలుగు గంటలు కావాలి. బుధవారం, నవంబరు 25, ఉదయం పదీ పదికి నాబు తిప్పాను. ముప్పై. ముప్పై మూడు. ముప్పై నాలుగు. ముప్పై ఐదు. యాభై ఎనిమిది దాకా ఎక్కడా ఆగకుండా వెళ్లింది. కిటికీలో చీకటి. తెర మీద ఆకుపచ్చ చుక్క పక్కకు జరిగి, ఇరవై రెండు నిమిషాలు బుద్ధిగా కూర్చుంది.

అక్కడితో వదిలేసి తాళం వేసుకుని వెళ్లాల్సింది అని మీరంటారు. కానీ మూత దగ్గర రబ్బరు రింగు పాతది. శూన్యం రోజురోజుకూ కొంచెం తగ్గుతోంది. నాలుగో తారీకు ఉదయం అది జారితే మసి ఉన్నా లాభం లేదు. డిసెంబరు 3, గురువారం, పొద్దున్నే పెట్టె విప్పి, రెండు బిళ్లలూ తీసి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, మసి మొహాలు పైకి ఉండేలా పెట్టాను. కొత్త రింగు వేసి మధ్యాహ్నానికి మూసేస్తే మర్నాటికి పంపు అందుకుంటుంది. పదకొండింటికి సెకండియర్ క్లాసుకు వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు తనిఖీ కోసం గదులన్నీ దులిపించమన్నారని, తాళం తీసే ఉంచాను.

పన్నెండింటికి తిరిగొచ్చేసరికి మా హోమ్‌సైన్స్ లెక్చరర్ గది మధ్యలో కొంగు బొడ్లో దోపుకుని నిలబడి ఉంది. పందొమ్మిదేళ్ల స్నేహం మాది. ఆవిడ ఇంటి నుంచి కూర తెస్తే సగం నాది. చేతులు తడి, మొహం నిండా సంతోషం.

"అక్కయ్యా, వచ్చారా! కళ్లు మూసుకోండి."

"ఎందుకండీ?"

"మూసుకోమంటే మూసుకోరే. సరే, చూడండి!"

బల్ల మీద రెండు బిళ్లలు. కొత్త బిందెల్లా ధగధగ మెరుస్తున్నాయి.

"దేంతో తోమారు?" అన్నాను.

"చింతపండు, ఉప్పు. ఆఖర్న కాస్త ముగ్గుపిండి. అంత మసి ఎలా పట్టనిచ్చారండీ? రేపు పెద్దమనుషులొస్తుంటే! ఆడవాళ్ల కాలేజీలో రాగి సామాను అలా ఉందంటే నవ్విపోరూ? చూడండి, మొహం కనిపిస్తోంది."

నిజంగానే కనిపించింది. నా మొహమే. నోరు తెరుచుకుని ఉంది.

"ఆ మసి మేం పెట్టిందండీ."

"ఏంటి?"

"మా అత్తగారు పెట్టారు. ఐదు గంటలు కూర్చుని."

"మసి పడితే తుడుచుకుంటారు గానీ, కావాలని పెట్టించుకుంటారా ఎవరైనా?" అంటూనే ఆవిడ నా మొహం చూసి ఆగిపోయింది. కొంగు బొడ్లోంచి తీసింది. "గది పోతుందా అక్కయ్యా?"

ఆవిడకు గది సంగతి తెలుసు. అందుకే తోమింది. తన వంతు సాయం చేద్దామని, తన చేతికి బాగా వచ్చిన పని చేసింది. మా వైపు ఆడదాని కళ్ల ముందు మసి పట్టిన రాగిని ఒంటరిగా వదిలి వెళ్లినందుకు నేను ఎవరినని ఏం లాభం?

కూర్చుని లెక్క వేశాను. మసికి ఐదు గంటలు, ఓవెనుకు ఐదు, పంపుకు పద్నాలుగు. ఇరవై నాలుగు. అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. తనిఖీ మర్నాడు ఉదయం పదకొండుకు. ఇరవై మూడు.

"ఒక్క గంటే కదండీ తక్కువ! ఎక్కడో సర్దుదాం," అంది ఆవిడ.

"ఎక్కడ? మసిలో సర్దితే పెచ్చులు లేస్తుంది. ఓవెనులో సర్దితే రాలుతుంది. పంపులో సర్దితే తడి ఉంటుంది."

"ఆ పెద్దమనుషులకి టిఫిన్లో సర్దుతాను. పెసరట్టు వేయిస్తే గంట కూర్చుంటారు."

"భవానీపురం వెళ్లి రావడానికి ఇంకో గంట."

"అయితే ఉప్మా కూడా పెడతాను," అని ఏడుపూ నవ్వూ కలిపి అంది.

మెరిసే రాగితోనే మూసేశాను. శుక్రవారం ఉదయం ఏడు నుంచి చీమ నడక మొదలుపెట్టాను. పదకొండుకు ముల్లు ముప్పై నాలుగున్నర దగ్గర ఉంది.

పెద్దవాళ్లు పదకొండూ పావుకు వచ్చారు. ఒకాయన రిటైరైన వృక్షశాస్త్రం ప్రొఫెసరు, తెల్లటి జుట్టు, నవ్వు మొహం. రెండో ఆయన కామర్సు, చేతిలో అట్ట, దాని మీద కాగితం. వెనక ప్రిన్సిపాల్ గారు. ఆవిడ వెనక మా హోమ్‌సైన్స్ లెక్చరర్, ఇంకా పెసరట్టు వాసనతో. నేను మూడుసార్లు ఒక్కసారిగా నాబు తిప్పి చూశాను. మూడుసార్లూ ముల్లు అక్కడే. తెర మీద చుక్క జరగలేదు. పెట్టె లోపల మాత్రం నీలం వెలుగు ఇదివరకెప్పుడూ లేనంత నిండుగా వచ్చింది.

ప్రొఫెసరు గారు కిటికీ దగ్గరికి వంగారు. "ఓహో! అచ్చం శంఖుపువ్వు రంగు! ఏమండీ, ఇటు రండి, చూడండి. ఇది మీరే చేశారామ్మా?"

"అవునండీ."

"ఎంతసేపు ఉంటుందిలా?"

"ఎంతసేపైనా ఉంటుందండీ," అన్నాను. అది నిజమే.

ప్రిన్సిపాల్ గారి మొహం విప్పారింది. పది నిమిషాలు నిలబడాలన్నారు, నిలబడుతోంది. కామర్సాయన పెన్ను తీశారు. "అంటే యంత్రం సంతృప్తికరంగా పనిచేస్తున్నది, అని రాయమంటారా?"

మా హోమ్‌సైన్స్ లెక్చరర్ నా చేతి మీద గిల్లింది. ఆ గిల్లుడుకు అర్థం నాకు బాగా తెలుసు. మాట్లాడకుండా ఉంటే గది నాది. కానీ ఆ వెలుగు గురించే నేను ఎనిమిదేళ్లుగా పిల్లలకు, ఇది వస్తే ఆపేయండి, ఇది తప్పు అని చెప్పాను. వాళ్లలో ఇద్దరు అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు కూడా.

"వద్దండీ," అన్నాను. "ఇది పనిచేయడం కాదు. పని చెడటం."

"చూడ్డానికి బాగుంది కదమ్మా?" అన్నారు ప్రొఫెసరు గారు పాపం, కిటికీలోంచి తల తీయకుండానే.

"జ్వరం వచ్చిన పిల్ల బుగ్గలు కూడా ఎర్రగా బాగుంటాయండీ."

ఆయన గట్టిగా నవ్వారు. కామర్సాయన నవ్వలేదు. "అయితే ప్రస్తుతం పనిచేయుట లేదు, అని రాయాలి."

"అలాగే రాయండి. పోయిన వారం పనిచేసింది అని కూడా రాయండి."

"మేం చూసిందే రాస్తామమ్మా," అన్నారాయన. అది కూడా న్యాయమే. నేను ఆయన స్థానంలో ఉన్నా చూసిందే రాసేదాన్ని.

వాళ్లు వెళ్లాక ప్రిన్సిపాల్ గారు కుర్చీలో కూలబడ్డారు. "మేడమ్, ఆయనకి నచ్చింది. నాకూ నచ్చింది. మీ ఒక్కరికే నచ్చలేదు. ఒక్క నిమిషం ఊరుకుంటే ఏం పోయేది?"

"ఏం పోయేది కాదండీ, గది ఉండేది. కానీ రేపట్నుంచి ఆ నీలం వెలుగు చూపించమని అందరూ వచ్చేవాళ్లు. నేను దాన్ని ఆర్పడానికి కూర్చున్నాను."

ఆవిడ నన్ను చూసి తల అడ్డంగా ఊపి, టేబుల్ మీద మిగిలిన పెసరట్టు తుంచుకున్నారు.

మా హోమ్‌సైన్స్ లెక్చరర్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "తోమింది నేను, నిజం చెప్పింది మీరు. ఇద్దరం కలిసి పాడు చేశాం. సగం సగం," అంది. అప్పుడు కూర కూడా తెచ్చింది, కంద బచ్చలి.

గది ఖాళీ చేయడానికి డిసెంబరు 19 దాకా గడువిచ్చారు. ఆలోగా మా అత్తగారు రెండోసారి మసి పట్టారు. ఈసారి ఇటుకల పక్కన మా హోమ్‌సైన్స్ లెక్చరరే కూర్చుని బిళ్లలు తిప్పింది. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. డిసెంబరు 16, బుధవారం, ముల్లు ముప్పై నాలుగు దాటి యాభై తొమ్మిదికి వెళ్లింది, చుక్క నలభై ఒక్క నిమిషాలు నిలబడింది. అత్తగారిని ఆటోలో తీసుకొచ్చి చూపించాం.

ఆవిడ తెరకు ముక్కు ఆనించి చూశారు. "ఇదా? ఈ పెసరగింజ కోసమా అంత ఆముదం తగలేశాం?"

"అవునండీ."

"కదులుతుందా?"

నాబు కొంచెం తగ్గించాను. చుక్క జరిగింది. పెంచాను, వెనక్కి వచ్చింది. ఆవిడ ఇంకోసారి కదిలించమన్నారు. మొత్తం ఆరుసార్లు కదిలించమన్నారు. అధికారంగా చూడాల్సిన వాళ్లు ఎవరూ చూడలేదు.

జనవరిలో కంప్యూటర్లు వచ్చాయి. గదికి ఏసీ పెట్టించారు, గోడలకు కొత్త రంగు వేశారు, తలుపు మీద "చెప్పులు బయట విడవవలెను" అని బోర్డు పెట్టారు. ఎనిమిదేళ్లు నేను దుమ్ము రాకూడదని మొత్తుకుంటే ఒక్కరూ చెప్పులు విప్పలేదు. ఇప్పుడు సెకండియర్ పిల్లలు ఉత్త కాళ్లతో, దేవుడి గదిలోకి వెళ్తున్నట్టు వెళ్తున్నారు. నేనూ ఒకసారి విప్పి లోపలికి వెళ్లి చూశాను. చల్లగా, శుభ్రంగా ఉంది. యంత్రాలు బాగా పనిచేస్తున్నాయి.

పోయినవి ఇవి: గది ఒకటి, పన్నెండడుగులు పద్నాలుగడుగులు. ట్రాన్స్‌మిటరు వాల్వులు రెండు, మెట్లు దింపుతుంటే పగిలాయి. గాజు తెర ఒకటి, దానితోపాటే. పంపు నూనె లీటరున్నర, వరండాలో ఒలికింది. పంపులు రెండు, పాత సామాన్ల కింద లారీ ఎక్కాయి. నేను రిటైరవడానికి మిగిలిన పద్నాలుగు నెలల పని.